చలికాలంలో ఈగ ఎక్కడ బతుకుతుంది?

ఉత్తర తెలంగాణలో కార్తీకం దాటి మార్గశిరం వచ్చేసరికి రాత్రి చలి ముదురుతుంది. పుష్యమాసంలో ముస్తాబాద్, సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పరిసరాల్లో కొన్ని తెల్లవారుజాములు 10 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు దిగుతాయి, అయినా మధ్యాహ్నానికి ఎండ 28, 30 డిగ్రీలకు చేరుతుంది. ఇంటి ఈగ చలికాలపు జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ రెండు అంకెలనూ ఒకేచోట పెట్టి చూడాలి. తెల్లవారుజామున కొట్టం దూలానికి కదలకుండా అంటుకుని ఉన్న ఈగే పగటి పదింటికి వంటింటి గడప మీద, పన్నెండింటికి పసిపిల్లల అన్నం పళ్లెం మీద వాలుతుంది. ఈ ప్రాంతపు చలి ఈగను నెమ్మదింపజేస్తుంది కాని చంపదు, నిద్రపుచ్చదు కూడా. దాని సంతతి ఇంటి పక్కనున్న పెంటకుప్పలో చలికాలమంతా తెగకుండా సాగుతూనే ఉంటుంది. చలికాలపు ఈగల నివారణ గురించి చెప్పదగినదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

మంచు కురిసే దేశాల్లో సంగతి వేరు. అక్కడ నెలల తరబడి నేల గడ్డకట్టి, పెంట గడ్డకట్టి, ఈగకు తిండి గాని గుడ్లు పెట్టే చోటు గాని దొరకదు కనుక కొన్ని జాతులు శీతకాలాన్ని దాటడానికి మనుషుల ఇళ్లను ఆశ్రయిస్తాయి. ఐరోపాలోనూ ఉత్తర అమెరికాలోనూ కనిపించే పొలీనియా అనే ఈగ ఇందుకు మంచి ఉదాహరణ. దాని పిల్లపురుగులు నేలలోని వానపాముల శరీరాల్లో పెరుగుతాయి. పెద్ద ఈగలు ఎండ తగ్గే రోజుల్లో ఇంటి పడమటి, దక్షిణపు గోడల మీద వెచ్చదనానికి చేరి, కిటికీ చట్రాల సందుల గుండా, కప్పు అంచుల గుండా లోపలికి దూరి, అటకల్లో గుంపులుగా ముడుచుకుంటాయి. న్యూజెర్సీలోనో ఒహాయోలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి జనవరిలో ఒక ఎండరోజున పైఅంతస్తు కిటికీ అద్దం మీద మందకొడిగా పాకుతూ పదుల కొద్దీ ఈగలు కనిపిస్తే, వంటింట్లో ఏదో కుళ్లిందని అనుమానం కలగడం సహజమే గాని, ఆ ఈగలకు వంటింటితో సంబంధం ఉండదు. అవి ఇంట్లో గుడ్లు పెట్టవు, అన్నం మీద వాలవు, బయటికి దారి వెతుక్కుంటూ వెలుగు వైపు వస్తాయి. వాటి ఛాతీ మీద బంగారు రంగు నూగు ఉంటుంది, విశ్రాంతిగా ఉన్నప్పుడు రెక్కలు ఒకదాని మీద ఒకటి మడిచి ఉంచుతాయి. ఈ రెండు గుర్తులతో వాటిని ఇంటి ఈగ నుంచి వేరుచేసి పోల్చుకోవచ్చు.

ఇలా చలికాలాన్ని దాటే కీటకాల్లో చాలావాటికి డయాపాజ్ అనే స్థితి ఉంటుంది. పగలు కురచవుతున్న కొద్దీ శరీరంలోని హార్మోన్లు మారి, ఎదుగుదల, సంతానోత్పత్తి ముందుగానే ఆగిపోయి, కొవ్వు పేరుకుని, కీటకం నెలల తరబడి తినకుండా ఉండగలగడాన్ని డయాపాజ్ అంటారు. చలి తగిలాక మొద్దుబారడం వేరు, చలి రాకముందే దానికి సిద్ధపడడం వేరు. డయాపాజ్ రెండో రకానికి చెందినది. పశువుల ముఖాల మీద మూగే మస్కా ఆటమ్నాలిస్ అనే ఈగకు ఈ శక్తి ఉంది, ఇంటి ఈగకు దగ్గరి బంధువే అయినా అది ఐరోపా, అమెరికాల్లో చలికాలమంతా ఇళ్ల గోడల్లో గడుపుతుంది. ఇటువంటి జాతుల విషయంలో మందు చల్లడం కంటే సందులు మూయడం మేలని, అదీ ఈగలు లోపలికి చేరకముందే, వేసవి చివరనే ముగించాలని ఆ దేశాల కీటక శాస్త్రజ్ఞులు చెబుతారు. గోడల లోపల మందు కొట్టి చంపితే ఆ చచ్చిన ఈగలను తినడానికి మరో రకం పెంకు పురుగులు చేరి, ఒక బెడద పోయి ఇంకొకటి వస్తుంది.

దక్కన్ పీఠభూమి ఇళ్లలో కనిపించే ఇంటి ఈగకు, అంటే 1758లో లిన్నేయస్ మస్కా డొమెస్టికా అని పేరుపెట్టిన ఈగకు, డయాపాజ్ లేదు. అది వెచ్చదనం ఉన్నంతకాలం గుడ్లు పెడుతుంది, వెచ్చదనం లేనప్పుడు మొద్దుబారి ఎదురుచూస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సమకూర్చిన కీటక నివారణ గ్రంథం ప్రకారం సగటు ఉష్ణోగ్రత 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఈగల సాంద్రత అత్యధికంగా ఉంటుంది, 10 డిగ్రీల కంటే దిగువన, 45 డిగ్రీల కంటే ఎగువన అవి కంటికి కనిపించనంతగా తగ్గుతాయి. ఈ లెక్కను ముస్తాబాద్ చలికాలానికి అన్వయిస్తే తేలేది కాస్త కలవరపెట్టే సంగతే. రాత్రి చలీ పగటి ఎండా కలిసి ఇక్కడి జనవరి సగటు ఆ అనుకూలమైన పరిధి దరిదాపుల్లోనే ఉంటుంది కనుక, చలి వచ్చిందిగదా, ఈగలు వాటంతట అవే పోతాయన్న భరోసా ఈ ప్రాంతానికి వర్తించదు. ఈగను నిజంగా వెనక్కి తగ్గించేది ఇక్కడ పుష్యమాసపు చలి కంటే ఎక్కువగా రోహిణి కార్తె ఎండే.

అయితే చలి చేసే మేలు ఒకటి ఉంది. గుడ్డు నుంచి రెక్కల ఈగ అయ్యేదాకా పట్టే కాలం వెచ్చదనాన్ని బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర ఈ ప్రయాణం సుమారు పది పన్నెండు రోజుల్లో ముగుస్తుంది, 20 డిగ్రీల దగ్గర దాదాపు మూడు వారాలు పడుతుంది. అంటే పెంటను ఎత్తేవాడికి చలికాలంలో గడువు ఇంచుమించు రెట్టింపు దొరుకుతుంది. వేసవి మొదట్లో వారం తప్పితే ఒక తరం ఈగలు ఎగిరిపోతాయి. పుష్యమాసంలో అదే వారం తప్పినా ఆ తరం ఇంకా పెంటలోనే, పాకే పురుగుగానే ఉంటుంది. నివారణకు ఇంత వెసులుబాటు ఇచ్చే కాలం ఏడాదిలో మరొకటి లేదు, అయినా ఈగలు ముసురుకున్నాక చైత్రంలో మేల్కొనడం మాత్రమే అలవాటైపోయింది.

పెంటకుప్ప లోపల

ఆడ ఈగ ఒక్కో విడతలో 100 నుంచి 150 గుడ్లు పెడుతుంది, బతికినన్నాళ్లలో ఇటువంటివి నాలుగైదు విడతలు ఉంటాయి. గుడ్డు తెల్లగా, బియ్యపు నూకలా, మిల్లీమీటరు కంటే కొంచెం పొడవుగా ఉంటుంది. ఆరిపోతే చచ్చిపోతుంది కనుక ఈగ దాన్ని పచ్చి పెండ పైన వదిలెయ్యక, పగుళ్ల లోపలికి తోకను చాపి దాచి పెడుతుంది. వెచ్చటి రోజుల్లో ఒక్క రోజు తిరగకముందే గుడ్డు పగిలి కాళ్లు లేని తెల్లపురుగు బయటికి వస్తుంది. డింభకం అని శాస్త్రం పిలిచే ఈ దశలో అది రెండుసార్లు చర్మం విడిచి, పెండలోని సూక్ష్మజీవులనూ వాటితో కూడిన తడి పదార్థాన్నీ తిని, ఒక సెంటీమీటరు దాటి పెరుగుతుంది. దానికి కావలసినవి మూడే: తడి, వెచ్చదనం, లోపలికి కొద్దిగా గాలి. ఈ మూడూ కలిసిన చోటు పెంటకుప్పలో ఎక్కడబడితే అక్కడ ఉండదు. కుప్ప పైపొర ఎండిపోయి ఉంటుంది. నడిమధ్యన కుళ్లుడు వల్ల పుట్టే వేడి 55, 60 డిగ్రీలకు పోతుంది కనుక అక్కడ పురుగు ఉడికిపోతుంది. పైపొరకు జానెడు లోపల, వేడి నడుముకు ఇవతల ఉన్న పలుచటి పట్టీలోనే తెల్లపురుగులు కిటకిటలాడుతుంటాయి. చలికాలపు ఉదయాన పెంటకుప్పను కర్రతో జానెడు లోతు గీకి చూస్తే పైన మంచుకు తడిసి చల్లగా, లోపల చేతికి వేడిగా తగిలే ఆ హద్దు స్పష్టంగా తెలుస్తుంది, పురుగులూ అక్కడే కనిపిస్తాయి. బయట 10 డిగ్రీల చలి ఉన్నా ఈగ సంతతి చావకుండా, నెమ్మదిగానైనా పెరుగుతూ ఉండడానికి కారణం కుప్ప తనంతట తాను పుట్టించుకునే ఈ వేడే.

పెరగడం పూర్తయిన పురుగు తడిని వదిలి పొడిచోటు వెతుక్కుంటూ కుప్ప అంచులకు, కింది మట్టిలోకి, గోడ వారకు పాకుతుంది. అక్కడ దాని చర్మమే గట్టిపడి ముదురు ఎరుపు రంగు గింజలా మారుతుంది. దీన్ని కోశస్థ దశ, ప్యూపా అంటారు. ఆ గింజలోపల పురుగు శరీరం కరిగి ఈగ శరీరంగా కొత్తగా కూడుకుంటుంది. బయటికి వచ్చే వేళ ఈగ తన నుదుటి మీది మెత్తటి తిత్తిని ఉబ్బించి గింజ మూతను తోసుకుని, పైనున్న మట్టిని కూడా ఆ తిత్తితోనే నెట్టుకుంటూ పైకి వస్తుంది. ఆ తర్వాత తిత్తి మళ్లీ ఉబ్బదు, దాని జాడగా ముఖం మీద సన్నటి గీత మిగులుతుంది. ఈ మొత్తం ప్రయాణంలో పురుగు కుప్ప లోపలి నుంచి అంచుకు పాకే ఒకటి రెండు రోజులు దాని జీవితంలో అత్యంత బలహీనమైన ఘడియలు, ఎందుకంటే అప్పుడది పెండ రక్షణలో ఉండదు, రెక్కలూ ఉండవు. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన హచిసన్ 1915లో ప్రకటించిన పద్ధతి ఈ బలహీనత మీదనే ఆధారపడింది. పెంటను నేలకు ఎత్తుగా జల్లెడలాంటి చెక్క వేదిక మీద వేసి, కింద నీళ్లు నిలిచే సిమెంటు తొట్టి ఏర్పాటు చేస్తే, పొడిచోటు వెతుక్కుంటూ దిగిన పురుగులు నీళ్లలో పడి చస్తాయి. తెలంగాణ పల్లెల్లో ఈ పనిని ఎవరూ చెప్పకుండానే నాటుకోళ్లు చేస్తున్నాయి. పెంటకుప్ప అంచును కాళ్లతో గీకి అవి ఏరుకుతినేవి ఎక్కువగా ఈ పురుగులే, ఈ ఎర్ర గింజలే.

కుప్ప ఇంటి పక్కనే ఎందుకు పేరుకుంటుందన్నది కీటక శాస్త్రం కంటే వ్యవసాయ పద్ధతికి సంబంధించిన ప్రశ్న. ఏడాది పొడవునా కొట్టం ఊడ్చిన పెండ, తొక్కిన గడ్డి, బూడిద, వంటింటి చెత్త ఒకేచోట చేరి, చైత్ర వైశాఖాల్లో పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు బండ్ల మీద, ఇప్పుడు ట్రాక్టర్ల మీద తరలిపోవడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు రైతుకు పశువుల ఎరువు ప్రాణంతో సమానం. పసుపుకు ఎకరాకు సుమారు 10 టన్నుల ఎరువు వెయ్యాలన్నది వ్యవసాయ శాఖ సిఫారసు, కాబట్టి అంత ఎరువును కూడబెట్టుకోవాలనుకునే రైతును పెంట ఎత్తెయ్యమనడం అన్యాయమే అవుతుంది. చెప్పవలసింది కుప్పను తీసెయ్యమని గాక, దాన్ని ఈగకు పనికిరాకుండా ఉంచమని. మంచి సంగతేమిటంటే ఈగకు పనికిరాని కుప్పే పంటకు మంచి ఎరువు కూడా అవుతుంది, ఎందుకంటే రెండింటికీ కావలసింది కుప్పంతా సమానంగా ఉడకడమే.

అందుకు చేయవలసిన పని తిరగవేయడం. చలికాలంలో పది రోజులకొకసారి, మాఘం వెళ్లాక ఐదారు రోజులకొకసారి కుప్ప పైపొరను పారతో తీసి నడుమకూ, నడుమనున్నదాన్ని పైకీ మార్చితే, పలుచటి పట్టీలో ఉన్న గుడ్లూ పురుగులూ ఒక్కసారిగా 55 డిగ్రీల వేడిలో పడతాయి. తిరగవేశాక దళసరి టార్పాలిన్ కవరుతో కప్పి అంచుల మీద మట్టి పోసి అదిమితే, వేడి బయటికి పోదు, కొత్త ఈగకు గుడ్లు పెట్టడానికి దారి ఉండదు. అంచు మీద మట్టి సరిగా పడకపోతే ఈ కవరు మేలుకు బదులు కీడే చేస్తుంది, దాని కింది తేమ పురుగులకు అనువైన చోటవుతుంది. కుప్ప ఎత్తుగా, కుదురుగా ఉండాలి. ఇంటి పెరడంతా పలుచగా, తడిగా పరుచుకున్న పెండలో వేడి పుట్టదు, ఆరదు, ఈగకు అంతకంటే మంచి పొలం దొరకదు. కుడితి నీళ్లు, బట్టలుతికిన నీళ్లు కుప్ప మీదికి పారకుండా చిన్న కట్ట వెయ్యడం, యాసంగి నాట్లకు ముందు డిసెంబరు, జనవరి నెలల్లోనే కుప్పలో చివికిన భాగాన్ని మడులకు తరలించడం, ఈ రెండూ ఖర్చులేని పనులు.

తడి పెండ విషయంలో పాత అలవాట్లలో ఒక వివేకం ఉంది. వాకిట్లో పలుచగా చల్లే అలుకు ఆ పూటే ఆరిపోతుంది, ఆరిన పొరలో గుడ్డు నిలవదు. పలుచగా తట్టిన పిడక కూడా ఎండరోజుల్లో ఈగకు పనికిరాదు. మందంగా తట్టి, నీడలో గోడకు కొట్టిన పిడకలు పుష్యమాసంలో నాలుగైదు రోజులు పచ్చిగానే ఉంటాయి కనుక చలికాలంలో పిడకను ఎండ పడే గోడకే కొట్టాలి. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ పథకంగా చేపట్టిన గోబర్ గ్యాస్ ఇంకా మెరుగైన మార్గం. గాలి చొరని తొట్టిలో పెండ వారాల తరబడి పులిసి, పొయ్యికి గ్యాసూ పొలానికి మడ్డీ ఇస్తుంది, ఆ పులిసిన మడ్డి పచ్చి పెండ లాగ ఈగను ఆకర్షించదు.

కుప్పలో ఈగకు శత్రువులు కూడా కాపురముంటాయి. చీమకంటే చిన్నవైన స్పలాంజియా వంటి కందిరీగ జాతులు ఈగ ప్యూపా గోడకు కన్నం పెట్టి లోపల తమ గుడ్డు పెడతాయి; ఆ గింజలోంచి ఈగకు బదులు కందిరీగ బయటికి వస్తుంది. నల్లటి చిన్న పెంకు పురుగులు ఈగ గుడ్లను తింటాయి. పెంటకుప్ప మీద పురుగుమందు కొట్టినప్పుడు ముందు చచ్చేవి కుప్ప ఉపరితలాన తిరిగే ఈ మిత్రులు, లోపలి పట్టీలో దాగిన తెల్లపురుగులు చాలావరకు తప్పించుకుంటాయి. అందువల్ల కుప్పకు మందు కొట్టడం ఎన్నడూ సలహాగా ఇవ్వదగినది కాదు.

ఇంటి లోపల

పొద్దుగూకేవేళకు ఈగలు వెచ్చని చోటు వెతుక్కుంటాయి. కట్టెలపొయ్యి ఉన్న వంటిల్లు, పశువుల ఒంటి వేడి నిండిన కొట్టం, మిషన్ల వేడి మిగిలిన సాంచాల (మరమగ్గాల) షెడ్డు వాటికి ఆశ్రయమిస్తాయి. రాత్రి అవి నేల మీదో గోడ నడుమనో కాక, ఎత్తున, సన్నగా వేలాడే వాటి మీద వాలతాయి: కరెంటు తీగ, దండెం తాడు, వాసం అంచు, ఉట్టి. వరుసగా అవే చోట్లను వాడుకోవడం వల్ల వాటి మలం, కక్కు నల్లటి, గోధుమరంగు చుక్కలుగా పేరుకుంటాయి. దీపం తీగ మీద ఆ చుక్కలు దట్టంగా ఉన్నచోటు రాత్రి ఈగల బసకు నమ్మదగిన పటం. తెల్లవారుజామున, కీటక శరీరం చల్లబడి రెక్క కండరాలు పనిచెయ్యని ఆ వేళ, సబ్బు నీళ్లు నిండిన వెడల్పాటి గిన్నెను తీగ కిందికి ఎత్తి మెల్లగా తట్టితే ఈగలు ఎగరలేక గిన్నెలో రాలతాయి, సబ్బు వాటి ఒంటి నూనెపొరను తడిపి ముంచుతుంది. ఎండెక్కాక వంద దెబ్బలతో జరగని పని చలికాలపు ఉదయాన ఐదు నిమిషాల్లో జరుగుతుంది. మాఘం చివర ఒక్క ఆడ ఈగను చంపడానికి ఎంత విలువో చిన్న లెక్క చెబుతుంది: ఒక్కో ఆడ ఈగ సంతానంలో ఐదు ఆడ ఈగలు మాత్రమే బతికి బట్టకట్టాయనుకున్నా, ఐదు తరాలు తిరిగేసరికి, అంటే ఉగాది దాటి మామిడికాయ కోతల నాటికి, ఆ ఒక్కటి 3,125 అవుతుంది. వాస్తవంలో తిండి, చోటు, ఎండ ఈ పెరుగుదలకు అడ్డుపడతాయి కాని వాటి భారం మోసేది ఎక్కువగా వేసవిలోని ఈగలే. చలికాలపు కొద్దిపాటి ఈగలకు అడ్డు తక్కువ.

కొన్ని చల్లని, తేమగా ఉండే రోజుల్లో కిటికీ అద్దానికో గోడకో ఈగలు నోటితో అంటుకుని, రెక్కలు పైకెత్తి, పొట్ట మీద తెల్లటి చారలతో చచ్చి కనిపించడం కద్దు. చుట్టూ అద్దం మీద పిండి చల్లినట్టు తెల్లటి వలయం ఉంటుంది. ఇది 1855లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫెర్డినాండ్ కోన్ వర్ణించిన బూజు జాతి చేసే పని, నేడు దీన్ని ఎంటమాఫ్తొరా మస్కే అంటారు. ఈ బూజు సోకిన ఈగ చావుకు ముందు ఎత్తుకు పాకి, నోటిని గట్టిగా అతికించి, రెక్కలెత్తి ఆగిపోతుంది. ఆ భంగిమ వల్ల పొట్టలోంచి ఎగజిమ్మే బీజాలు దూరంగా, ఇతర ఈగల మీదికి పడతాయి. మనుషులకు దీనివల్ల హాని లేదు కనుక అలాంటి ఈగలను వెంటనే తుడిచెయ్యకుండా రెండు రోజులు వదిలెయ్యడమే మంచిది.

ఇంటి ఈగకు కొరికే నోరు లేదు. చక్కెర, బెల్లం, ఆరిన పాలచుక్క వంటి గట్టి పదార్థం తినాలంటే అది ముందు కడుపులోని ద్రవాన్ని దాని మీద కక్కి, కరిగించి, మెత్తటి పెదవులతో పీల్చుకోవాలి. మోరి మీద పీల్చిన ద్రవమే సంక్రాంతి అరిసె మీద కక్కబడుతుంది. కాబట్టి సకినాలు, అరిసెలు ఆరబెట్టే రోజుల్లో సన్నటి నూలు బట్ట కప్పడం, కుడితి గోలేనికి మూత పెట్టడం, అన్నం తిన్న కంచాలను రాత్రంతా తడిగా వదలకపోవడం ప్రాథమికమైనవి. కిటికీలకు దోమల జాలీ బిగిస్తే ఈగకూ సరిపోతుంది, ఈగకైతే రెండు మిల్లీమీటర్ల కన్నాలున్న జాలీ చాలు. బెల్లంనీళ్లతో చేసే సీసా బోనులు పనిచేస్తాయి కాని వాటిని ఇంట్లో పెట్టడం పొరపాటు, వాసనకు బయటి ఈగలు లోపలికి వస్తాయి; పెరటి చివర, పెంటకుప్పకు ఇంటికి మధ్యన వేలాడదీయాలి. 

మందుల విషయంలో గట్టిగా చెప్పవలసి ఉంది. డీడీటీకి కీటకాలను చంపే శక్తి ఉందని 1939లో పాల్ ముల్లర్ కనుగొన్నాడు, అందుకు ఆయనకు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది, కాని 1946లోనే స్వీడన్‌లో డీడీటీకి లొంగని ఇంటి ఈగలు బయటపడ్డాయి. వందలకొద్దీ గుడ్లు పెట్టి, వారాల్లో తరాలు గడిచే జీవికి విషాన్ని ఓర్చుకునే వంశం తయారుకావడం ఎంతో కాలం పట్టదు. ఇంట్లో ఈగలకు పొలం మందులు కొట్టే అలవాటు వ్యవసాయ మండలాల్లో ఇంకా ఉంది. అలా వాడుతూ వచ్చిన డైక్లోర్వాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 ఉత్తర్వుతో నిషేధించిన 18 మందుల జాబితాలో చేర్చింది, 2020 డిసెంబరు 31 నుంచి దాని వాడకం పూర్తిగా నిషిద్ధం. ఇది ఆవిరిగా మారి మూసిన గదిలో నిలిచే విషం, మనిషి నరాల మీద పనిచేసే జాతికి చెందినది, పసిపిల్లలున్న చలికాలపు గదిలో, తలుపులు మూసుకుని పడుకునే ఇంట్లో దాని ప్రమాదం మరింత ఎక్కువ. పత్తికీ వరికీ కొట్టే ఏ మందూ ఇంట్లోకి రాకూడదు.

గడప దాటి

ఈగకూ రోగానికీ ఉన్న సంబంధం ఊహ కాదు. ఇజ్రాయెల్ సైనిక శిబిరాల్లో ఎర బోనులతో ఈగలను తగ్గించినప్పుడు షిగెల్లా క్రిమి వల్ల వచ్చే రక్తవిరేచనాలకు వైద్యం కోసం వచ్చినవారు 85 శాతం తగ్గారని 1991లో లాన్సెట్ పత్రిక ప్రకటించింది. పాకిస్తాన్ పల్లెల్లో ఈగలను అదుపుచేసిన చోట పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయని అదే పత్రిక 1999లో ప్రకటించింది. రెండో సంఖ్య చిన్నదిగా కనిపించినా తెలంగాణ పల్లెలకు దగ్గరగా ఉన్నది అదే, ఎందుకంటే అక్కడా పశువులు, పెరళ్లు, పసిపిల్లలు ఒకే ఆవరణలో ఉంటారు.

మరుగుదొడ్లు వచ్చాక మనిషి మలంలో పెరిగే ఈగ జాతులకు చోటు తగ్గింది, కాని సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం కొత్త ద్వారమైంది. జింబాబ్వేలో 1970లలో పీటర్ మోర్గాన్ చేసిన పరిశీలనలో గాలిగొట్టం లేని గుంట దొడ్డి నుంచి 78 రోజుల్లో 13,953 ఈగలు పట్టుబడితే, గొట్టానికి జాలీ బిగించిన దొడ్డి నుంచి 146 మాత్రమే పట్టుబడ్డాయి. గుంటలోంచి వెలుగు వైపు పైకి ఎగిరిన ఈగ జాలీకి తగిలి, కిందికి దిగలేక అక్కడే చస్తుంది. ముస్తాబాద్‌లో గాని కోరుట్లలో గాని సెప్టిక్ ట్యాంకు గొట్టం నెత్తిన చారెడు జాలీ ముక్క కట్టడానికి అయ్యే ఖర్చు ఒక పూట టీ ఖర్చుకు మించదు, అయినా జాలీ లేని గొట్టాలే ఎక్కువ.

గుర్తుపెట్టిన ఈగలను వదిలి తిరిగి పట్టిన ప్రయోగాల్లో చాలావరకు ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల లోపే దొరికాయి. కనుక ఒక ఇల్లు శుభ్రంగా ఉంటే ఆ ఇంటికి మేలు కొంతే, వాడ మొత్తం కదిలితేనే ఊరికి మేలు. తెలంగాణ ప్రభుత్వం 2019 సెప్టెంబరు 6న ముప్పై రోజుల ప్రణాళికగా మొదలుపెట్టిన పల్లె ప్రగతితో గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేసే యార్డులు, ఎరువు తయారుచేసే షెడ్లు వచ్చాయి. ఆ ట్రాక్టర్ చెత్త మీదికే కాక, సొంత పశువులు ఉండి కుప్పను తిరగవేసే మనిషి లేని ముసలివారి పెరళ్ల మీదికీ వెళ్లాలి. షెడ్డులో పోసిన తడిచెత్తను పది రోజులకొకసారి తిరగవేయకపోతే ఆ షెడ్డే ఊరి ఉమ్మడి పెంటకుప్ప అవుతుంది. గుడికి భక్తులు మొక్కుగా తెచ్చే కోడెల పెండ, జనం తిని పారేసిన ఎంగిలి కలిసే వేములవాడలోనూ, మామిడి, కూరగాయల మార్కెట్లున్న జగిత్యాలలోనూ ఈ పనికి మున్సిపాలిటీయే పూనుకోవాలి. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందన్న మాట ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే, ఆ తర్వాత ఈగ తరం మూడు వారాల నుంచి పది రోజులకు కురచవుతుంది కనుక, వాడల్లోని కుప్పలన్నీ ఒకసారి తిరగవేసి కప్పడం ఆ జాగరణకు వారం ముందే పూర్తికావాలి.